సైకిలుకూ ఓ టికెట్టు తీయండి!

ఆరోగ్యం కోసమని కొన్న సైకిలు సెల్లార్లో దుమ్ము కొట్టుకుపోతోందా? దాన్నోసారి రైలెక్కించి చూడండి. తొక్కడానికి వీలున్న చోటుకు మీతోపాటే వస్తుంది.

మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఏదో ఒక స్తంభానికి ఆనుకుని నాలుగైదు సైకిళ్లు ఉండే ఉంటాయి. టైర్లలో గాలి ఉండదు. చైను తుప్పెక్కి ఉంటుంది. లాక్‌డౌన్ రోజుల్లో ఊరు ఖాళీగా ఉన్నప్పుడు కొన్నవి కొన్ని. 'షుగరు బోర్డర్లో ఉంది, బరువు తగ్గండి' అని డాక్టరు చెప్పిన మర్నాడే కొన్నవి కొన్ని. అందులో ఒకటి మీదే అయితే 'నాకు పట్టుదల లేదు' అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. గేటు దాటగానే బస్సులు, యూటర్న్ తిరిగే ఆటోలు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే బైకులు. అలాంటి రోడ్డు మీద యాభై ఏళ్ల మనిషి సైకిలు తొక్కలేదంటే అది బద్ధకం అనలేం.

సైకిలు మానేసి ట్రెడ్‌మిల్ కొనుక్కున్నవాళ్లున్నారు. దాని మీద ఇప్పుడు ఉతికిన బట్టలు ఆరుతుంటాయి. ఆ మాట వదిలేద్దాం. తొక్కడానికి మంచి రోడ్లు మనకు లేకపోలేదు. గోదావరి డెల్టాలో కాలువ గట్లున్నాయి, వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దారి ఉంది, బందరు దగ్గర సముద్రం వైపు పోయే రోడ్లున్నాయి. అవి మన ఇంటి ముందు లేవు, అంతే. అక్కడికి సైకిలుతో సహా చేర్చేది రైలు. అందుకు రైల్వేలో పద్ధతి చాలాకాలంగా ఉంది. తెలిసినవాళ్లు తక్కువ.

వెళ్తే చాలు... తిరిగి తొక్కక్కర్లేదు

రైలు చేసే అసలు మేలు ఇక్కడుంది. ఇంటి నుంచి బయల్దేరితే ఎంత దూరం వెళ్లారో అంత దూరం వెనక్కి తొక్కాలి. కొత్తవాళ్లకు ఈ లెక్క కుదరదు. ఉత్సాహంగా పదిహేను కిలోమీటర్లు వెళ్లిపోతారు. తిరిగొచ్చే పదిహేనులో ఎండ ముదురుతుంది, మోకాళ్లు లాగుతాయి, నీళ్లు అయిపోతాయి. మరుసటి ఆదివారం సైకిలు జోలికి పోరు. ఒక ఊళ్లో రైలు దిగి మరో ఊళ్లో ఎక్కేలా చూసుకుంటే తిరుగు ప్రయాణం బెంగ ఉండదు. రైలు పట్టాల పక్కగా పోయే రోడ్డును ఎంచుకుంటే ఇంకో ధైర్యం. నడుం పట్టేసినా, కళ్లు తిరిగినట్టున్నా తర్వాతి స్టేషను ఎంతో దూరం ఉండదు.

ఉదాహరణకు నర్సాపురం దారి చూడండి. హైదరాబాద్ వైపు నుంచి రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దింపే రైళ్లున్నాయి. నర్సాపురం నుంచి పాలకొల్లు సుమారు 10 కిలోమీటర్లు. అక్కడి నుంచి వీరవాసరం మీదుగా భీమవరం ఇంకో 20. మొత్తం 30 కిలోమీటర్లలో ఎక్కడా చెప్పుకోదగ్గ ఎత్తు లేదు. రైలు మార్గం కూడా ఈ ఊళ్ల మీదుగానే పోతుంది. పంచారామాల్లో రెండు ఈ దారిలోనే ఉన్నాయి. పాలకొల్లులో క్షీరారామం, భీమవరం గునుపూడిలో సోమారామం. ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడానికి ఇంతకన్నా మంచి కారణం దొరకదు! వాళ్లు రైల్లోనే భీమవరం చేరి గుడి దగ్గర ఉంటే మీరు సైకిలు మీద వచ్చి కలుసుకోవచ్చు.

గంటకు 12 కిలోమీటర్ల చొప్పున, మధ్యలో రెండుసార్లు ఆగుతూ తొక్కినా మూడు గంటల్లో భీమవరంలో ఉంటారు. అయితే రెండు జాగ్రత్తలు. ఆ దారిలో చాలాచోట్ల ఇరువైపులా చేపల చెరువులే, నీడ తక్కువ. పొద్దున్నే ఆరింటికల్లా పెడల్ మీద కాలు పెడితే ఎండ ముదిరేలోపు పని అయిపోతుంది. ఇంకోటి, చేపల లారీలు. పెద్ద రోడ్డుకు సమాంతరంగా కాలువ గట్టు దారి దొరికిన చోటల్లా అందులోకి దిగిపోండి. కాస్త చుట్టయినా ఫర్వాలేదు.

ఓపికున్నవాళ్లు నర్సాపురంలోనే ఒకరోజు ఆగి, సైకిలుతో సహా పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్లి రావచ్చు. అది మొదటి యాత్రకు వద్దు. రెండోదానికి దాచుకోండి.

బుకింగ్ కౌంటర్లో ఏం జరుగుతుంది?

మామూలు సైకిలును మీ బోగీలోకి ఎక్కించడానికి లేదు. ప్రయాణికులు తమతో పెట్టుకునే పెట్టెలకే 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు అని హద్దుంది. అది దాటిన సామాను బ్రేక్ వ్యాన్‌లో, అంటే రైలుకు ముందో వెనకో ఉండే లగేజీ పెట్టెలో వెళ్లాలి. స్లీపర్ టికెట్టుకు 40 కిలోల దాకా సామాను ఉచితం అంటారు కదా, 15 కిలోల సైకిలు అందులో పోదా అని అడక్కండి. స్కూటర్లకు, సైకిళ్లకు ఆ ఉచితం వర్తించదు. వేరుగా చార్జీ కట్టాల్సిందే.

స్టేషన్లో పార్శిల్ ఆఫీసుకు వెళ్లి 'లగేజీగా బుక్ చేయాలి' అని స్పష్టంగా చెప్పండి. ఈ ఒక్క మాట దగ్గరే చాలామందికి తేడా వస్తుంది. లగేజీ అంటే మీ టికెట్టు చూపించి, మీరెక్కే రైల్లోనే పంపడం. పార్శిల్ అంటే టికెట్టు లేకపోయినా పంపొచ్చు, చార్జీ తక్కువ. కానీ అది ఏ రైల్లో ఎప్పుడొస్తుందో మీ చేతిలో ఉండదు. మీరు నర్సాపురంలో దిగి టీ తాగుతుంటే సైకిలు సికింద్రాబాద్ ప్లాట్‌ఫాం మీదే ఉండొచ్చు.

నిబంధన ప్రకారం రైలు బయల్దేరడానికి కనీసం అరగంట ముందు లగేజీ అప్పగించాలి. అరగంటను నమ్ముకోకండి. ఫారం నింపాలి, తూకం వేయాలి, రసీదు రాయాలి, లేబుల్ కట్టాలి. గంటన్నర ముందే వెళ్లండి. టికెట్టు, గుర్తింపు కార్డు, సైకిలు కొన్న బిల్లు ఉంటే దాని నకలు పట్టుకెళ్లండి. బుక్ చేసే ముందే 'ఈ రైల్లో లగేజీకి చోటుందా?' అని అడగండి. కొన్ని రైళ్లలో బ్రేక్ వ్యాన్ గదులను ప్రైవేటు వాళ్లకు లీజుకిస్తారు. వందేభారత్ లాంటి రైళ్లలో ఈ సౌకర్యమే లేదు. పాత ప్యాసింజర్ల స్థానంలో వచ్చిన మెమూ రైళ్ల సంగతి కూడా ముందే కనుక్కోవాలి.

దిగే స్టేషను ఎంపిక ఇంకా ముఖ్యం. రెండు నిమిషాలు ఆగే చోట సైకిలు దించడం కష్టం, చాలాచోట్ల అసలు బుక్ చేయరు. రైలు బయల్దేరే స్టేషను, ఆఖరి స్టేషను అయితే హడావుడి ఉండదు. నర్సాపురం, మచిలీపట్నం, కాకినాడ, తిరుపతి, విశాఖపట్నం... ఇలా రైళ్లు ఆగిపోయే ఊళ్లు సైకిలువాళ్లకు వరం. వచ్చేటప్పుడు భీమవరంలో బుకింగ్ కుదరదంటే మీ సైకిలుతో ప్యాసింజర్లో నర్సాపురం వచ్చేయొచ్చనుకోకండి. ఆ సంగతి వెళ్లకముందే తేల్చుకోవాలి. కుదరకపోతే నర్సాపురం నుంచి పాలకొల్లు దాకా వెళ్లి, అక్కడే భోంచేసి తిరిగిరండి. మొత్తం 20 కిలోమీటర్లు, మొదటిసారికి అదేం తక్కువ కాదు.

సైకిలు విలువ గురించి ఒక మాట. బుక్ చేసేటప్పుడు విలువ రాయించి, దానికి అదనపు చార్జీ కట్టకపోతే, పోయిన లగేజీకి రైల్వే బాధ్యత కిలోకు 100 రూపాయల వరకే. 40 వేల రూపాయల సైకిలు 15 కిలోలు తూగితే చేతికొచ్చేది 1,500. ఖరీదైనదైతే విలువ రాయించడానికి వెనకాడకండి. అసలు మొదటి యాత్రకు గేర్లు లేని పాత సైకిలే మేలు. డెల్టాలో గేర్లతో పనేముంది?

బ్రేక్ వ్యాన్‌లో మీ సైకిలు పక్కన చేపల బుట్టలుంటాయి, పూల మూటలుంటాయి, మోటారు సైకిళ్లుంటాయి. హ్యాండిల్, ఫ్రేము, వెనక గేరు భాగం పాత దుప్పటితోనో అట్టలతోనో చుట్టి కట్టండి. పెడళ్లు ఊడదీసి లోపలి వైపు తిప్పి బిగిస్తే పక్క సామానుకు తగలవు. నీళ్ల సీసా, లైటు, పంపు తీసి సంచిలో వేసుకోండి. చక్రానికి తాళం వేయకండి. దొర్లించడానికి వీల్లేకపోతే ఈడ్చుకుపోతారు. పేరు, ఫోన్ నంబరు, ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన కాగితాన్ని రెండుచోట్ల కట్టండి. దిగగానే రసీదు పట్టుకుని నేరుగా బ్రేక్ వ్యాన్ దగ్గరకు వెళ్లండి. ఆలస్యంగా తీసుకుంటే పార్శిల్ ఆఫీసులో ఉంచినందుకు రుసుము పడుతుంది.

మడతపెట్టే సైకిలైతే...

ఈ తతంగమంతా చదివి నీరసం వచ్చిందా? అందుకే ఫోల్డింగ్ సైకిలు. మడిచి, సంచిలో పెట్టి, పెట్టెలాగా తీసుకెళ్లొచ్చు. చిన్న స్టేషన్లో కూడా దిగొచ్చు, ఎక్కొచ్చు. భీమవరం దాకా తొక్కి అక్కడే రైలెక్కే సుఖం పూర్తిగా దక్కేది దీనితోనే. చిక్కేమిటంటే 20 అంగుళాల చక్రాల ఫోల్డింగ్ సైకిలు మడిచినా మందం 25 సెంటీమీటర్లు దాటుతుంది. కచ్చితంగా కొలిస్తే టీటీఈ అభ్యంతరం చెప్పొచ్చు. 16 అంగుళాల చక్రాలదైతే ఇంకా చిన్నగా ముడుచుకుంటుంది. కొనేముందు టేపు పట్టుకెళ్లండి. సంచిలో పెట్టి, నడిచే దారికి అడ్డం లేకుండా సీటు కింద సర్దితే తోటివాళ్లూ ఏమీ అనరు.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులకు ఇంకో దృశ్యం తెలిసే ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి శాన్‌హోజే దాకా నడిచే కాల్‌ట్రెయిన్‌లో సైకిళ్లకంటూ బోగీలున్నాయి. అదనపు చార్జీ లేదు. సైకిలుకు దిగే స్టేషను పేరు రాసిన ట్యాగు కట్టాలి. దాన్నిబట్టి ముందు దిగేవారి సైకిలు పైకి ఉండేలా సర్దుకుంటారు. సన్నీవేల్, మౌంటెన్‌వ్యూ వైపు ఆఫీసులకు వెళ్లే మన పిల్లలు కొందరు రోజూ చేసేది ఇదే. మనకు దగ్గర్లో కొచ్చి మెట్రో 2020లోనే సైకిళ్లను అనుమతించింది. బెంగళూరు మెట్రోలో 2022 నుంచి ఫోల్డింగ్ సైకిళ్లకు వీలుంది. మన రైళ్లలో జనరల్ బోగీలోనే కాలు పెట్టడానికి చోటుండదు కాబట్టి సైకిలుకు బోగీ అడగడం అత్యాశే. కానీ ఆదివారం పూట కొన్ని రైళ్లకు నాలుగు కొక్కేలు బిగించడం పెద్ద ఖర్చు కాదు.

ఒంటిని కూడా సిద్ధం చేయండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అవసరమంటోంది. ఒక్క ఆదివారం మూడు గంటలు తొక్కితే లెక్క పూర్తవుతుందిగా అనిపించొచ్చు. షుగరు ఉన్నవాళ్లకు ఆ లెక్క చాలదు. వ్యాయామం చేశాక కండరాలు గ్లూకోజును చురుగ్గా పీల్చుకునే గుణం ఒకట్రెండు రోజులే ఉంటుంది. కాబట్టి మిగతా రోజుల్లో అరగంట నడక మానొద్దు. ఇంకో సంగతి. సైకిలు మీద శరీరం బరువు సీటు మోస్తుంది కాబట్టి మోకాళ్లకు పరుగు కన్నా సుఖం. అదే కారణంగా ఎముకల బలానికి సైకిలు పెద్దగా ఉపయోగపడదు. మెనోపాజ్ దాటిన మహిళలు నడక, కొద్దిపాటి బరువులెత్తడం కూడా కలుపుకోవాలి.

యాత్రకు నెల ముందు నుంచీ పొద్దున్నే కాలనీలోనో స్కూలు మైదానంలోనో తొక్కండి. మొదటివారం ఐదు కిలోమీటర్లు, తర్వాత ఎనిమిది, పన్నెండు... అలా పెంచండి. తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఓ మోస్తరు శ్రమ అంటే అదీ కొలత.

సీటు ఎత్తు సరిచూసుకోండి. మన దగ్గర చాలామంది సీటు బాగా కిందికి దించి తొక్కుతారు, కాలు నేలకు ఆనాలని. దాంతో మోకాలు ఎక్కువ వంగి, చిప్ప చుట్టూ నొప్పి మొదలవుతుంది. సీటు మీద కూర్చుని పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి దాని మీద మడమ ఆనించండి. అప్పుడు కాలు నిటారుగా ఉండాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగుతుంది. అంతే సరిపోతుంది. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతుల మీద బరువు ఎక్కువ పడుతున్నట్టు. పదినిమిషాలకోసారి చేతులు మార్చి పట్టుకోండి.

అన్నిటికన్నా ముందు నడుం. సైకిలు యాత్రలో నడుం పట్టేసేది చాలాసార్లు రోడ్డు మీద కాదు, స్టేషన్లో! 15 కిలోల సైకిలును ఫుట్ ఓవర్ బ్రిడ్జి మెట్ల మీదుగా మోస్తారు. 22 బోగీల రైలు అర కిలోమీటరు పొడవుంటుంది, బ్రేక్ వ్యాన్ ఆ చివర ఉంటుంది. ర్యాంపో లిఫ్టో ఉంటే వాడండి. లేదంటే పోర్టరును పిలవండి, బేరమాడకండి. డిస్క్ సమస్య ఉన్నవాళ్లు మాత్రం అసలు ఎత్తొద్దు. తొందరలో పట్టాలు దాటడం ప్రాణాలకే ముప్పు, చట్టరీత్యా నేరం కూడా.

షుగరు, బీపీ మందులు వాడుతుంటే

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. ఇన్సులిన్ తీసుకునేవారికి, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవారికి తొక్కేటప్పుడు షుగరు ఒక్కసారిగా పడిపోవచ్చు. మందు మోతాదు గురించి బయల్దేరే ముందే డాక్టరుతో మాట్లాడండి. తొక్కడానికి ముందు పరీక్షిస్తే 100 కన్నా తక్కువ ఉంటే ఏదైనా తిని, కాసేపు ఆగి మొదలుపెట్టండి. గ్లూకోజు పొడి జేబులో ఉండాలి, సైకిలుకు కట్టిన సంచి అడుగున కాదు.

చాలామందికి తెలియనిది ఏంటంటే, షుగరు పడిపోయే ప్రమాదం తొక్కడం ఆపగానే పోదు. చాలా గంటల తర్వాత కూడా పడిపోవచ్చు. పొద్దున సైకిలు తొక్కి రాత్రి రైల్లో నిద్రపోతున్నప్పుడు చెమటలు పట్టడం, వణుకు, అయోమయం కనిపించొచ్చు. పై బెర్త్ మీద దుప్పటి కప్పుకుని పడుకున్నవారిని ఎవరు గమనిస్తారు? అందుకే తిరుగు ప్రయాణానికి కింది బెర్త్ చూసుకోండి. రాత్రి భోజనం మానకండి. పడుకునే ముందు ఒకసారి షుగరు చూసుకోండి. వెంట ఉన్నవారికి సంగతి చెప్పి ఉంచండి.

బీపీకి నీళ్ల మాత్రలు వాడేవారికి ఎండలో ఒళ్లు త్వరగా ఎండిపోయి కళ్లు తిరుగుతాయి. గంటకు అరలీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు, మజ్జిగ కొద్దికొద్దిగా తాగండి. గుండె, కిడ్నీ సమస్యల వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవారు డాక్టరును అడిగే వెళ్లాలి. మెటొప్రొలాల్ లాంటి మందులు వాడేవారి గుండె వేగం శ్రమకు తగ్గట్టు పెరగదు. చేతి గడియారంలో అంకె తక్కువుందని ఇంకా వేగంగా తొక్కేయకండి. షుగరు పడిపోతున్నప్పుడు వచ్చే గుండెదడను కూడా ఆ మందు కప్పేస్తుంది. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, మామూలుగా లేని ఆయాసం ఉంటే సైకిలు పక్కన పడేసి 108కి ఫోన్ చేయండి. సైకిలు సంగతి తర్వాత చూసుకోవచ్చు.

తొక్కడం అయ్యాక నేరుగా సీట్లో కూలబడితే పిక్కలు పట్టేస్తాయి. రైలు వచ్చేదాకా ప్లాట్‌ఫాం మీద పది నిమిషాలు మెల్లగా నడవండి. రైలెక్కాక కూడా గంటకోసారి లేచి బోగీ చివరిదాకా వెళ్లి రండి. ముందు రోజు రాత్రి రైల్లో నిద్ర పట్టనివాళ్లు దిగిన వెంటనే తొక్కకుండా, ఓ పూట విశ్రాంతి తీసుకుని సాయంత్రం నాలుగు దాటాక బయల్దేరవచ్చు. అప్పుడు సముద్రపు గాలి నర్సాపురం వైపు నుంచే వీస్తుంటుంది కాబట్టి ఎదురుగాలి బాధ తక్కువ. కాకపోతే చీకటి పడేలోపు ఆగిపోయేలా దూరం తగ్గించుకోవాలి, వెనక ఎర్ర లైటు ఉండాలి. హెల్మెట్ ఏ వేళైనా తప్పదు.

ఇంటికొచ్చాక సైకిలును మళ్లీ ఆ స్తంభం పక్కకు నెట్టే ముందు ఒక పాత గుడ్డతో చైను తుడిచి నాలుగు చుక్కలు నూనె వేయండి. నర్సాపురం ఉప్పుగాలికి రెండు రోజుల్లో తుప్పు మొదలవుతుంది.